కాలని చేతులు

బొనారియా పిన్ని చేతుల గురించి మా సార్దీనియా కొండల్లో తిరిగే కథల్లో సగం నేను పుట్టించినవే. బడి నన్ను ఐదో తరగతిలోనే పోగొట్టుకుంది. నష్టం బడికే.

మా వీధి ఆడవాళ్ళు తెల్లారకముందే ఒకే పొయ్యి చుట్టూ చేరి కరసావు అనే పల్చటి రొట్టెలు కాలుస్తారు. పొయ్యిలో రొట్టె పూరీలా పొంగుతుంది. దాన్ని బయటికి లాగి, ఆవిరి పోకముందే అంచు కోసి రెండు పొరలుగా విడదీయాలి. ఆలస్యమైతే పొరలు అంటుకుపోతాయి. అందరూ వేళ్ళు ఊదుకుంటూనే ఆ పని చేస్తారు. పిన్ని మాత్రం ఊదుకునేది కాదు. పిండి దుమ్ము మంచులా రాలుతుంటే, నిద్రలో నడిచే మనిషిలా, ఒక్కో రొట్టెనూ ఉత్తరం విప్పినంత తేలిగ్గా విప్పేది. కొండ రాతిగూళ్ళలో ఉండే బెత్తెడంత దేవకన్యలు, యానలు, కలలోకొచ్చి ఆమె అరచేతుల్ని ముద్దాడారని వీధంతా నమ్మింది. ఫాదరు చుట్ట వెలిగించడానికి పిన్ని గుప్పిట్లో నిప్పుకణిక పట్టుకుని చర్చి మెట్లెక్కిందని నేను చెప్పాను. ఫాదరుకు చుట్ట అలవాటే లేదు. అయినా ఆయనా నమ్మాడు.

ఒకనాడు పొయ్యి దగ్గర మాంసం కాలుతున్న వాసనేసింది. ఎవరింట్లో గొర్రెపిల్లను కాలుస్తున్నారా అని పొరుగింటి గ్రాసియా చుట్టూ చూసింది. కాలుతున్నది పిన్ని అరచెయ్యి. ఆమెకు తెలియనే లేదు.

పట్నం డాక్టరు స్కాన్ తీసి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. ఒంటిని కాయాల్సిన సైన్యమే మెదడులో, వెన్నుపాములో నరాల తొడుగును కొరుకుతోందట. అందుకే చేతులకు వేడి తెలియడం లేదు. ఎప్పుడో పిన్ని మేనత్తకు కాళ్ళు పడిపోయింది కూడా ఊరనుకున్నట్టు దిష్టి వల్ల కాకపోవచ్చన్నాడు. మలేరియా రోజుల్లో మా తాతల్ని బతికించిన రక్తగుణమే ఇప్పుడిలా ఎదురు తిరిగిందేమో అని కూడా అన్నాడు.

పిన్ని ఒక్కటే అడిగింది. "ఇది నా నుంచి నా పాస్కాకీ వచ్చిందా, డాక్టరుగారూ?"

"వచ్చింది రోగం కాదమ్మా, రోగానికి కాస్త దారి. ఆ దారి ఉన్నవాళ్ళలో చాలామందికి అది రానే రాదు."

పాస్కా ఆమె ఒక్కగానొక్క కూతురు, పంతొమ్మిదేళ్ళది. ఆర్నెల్లుగా అది కూడా వేళ్ళు ఊదుకోవడం మానేసింది. యానలు కూతుర్నీ ముద్దాడారని ఊరంతా చాటింది నేనే.

మళ్ళీ రొట్టెల రోజున పిన్ని కత్తి కూతురికిచ్చి ఎదురుగా కూర్చుంది. పొగా పిండీ కలిసి గది నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. పాస్కా ఒక రొట్టె విప్పింది, ఇంకోటి విప్పింది. మొహంలో ఏ కదలికా లేదు. పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కాలడం లేదా?"

"లేదమ్మా. నీ కూతుర్ని కదా."

పిన్ని అప్పుడే పొంగిన రొట్టెను చెక్క పారతో తీసి నేరుగా దాని చేతుల్లో పెట్టింది. "పట్టుకో. వీధి కోసం కాదు, నాకోసం నిజం చెప్పు."

పాస్కా పట్టుకుంది. పెదవి కొరుక్కుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం రొట్టెను నేలకేసి కొట్టి, గుమ్మంలో నిలబడి చూస్తున్న నన్నూ నా యానల్నీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టింది.

"ఈ కోతలరాయుడి వల్ల ఆర్నెల్లుగా పళ్ళ బిగువున భరిస్తున్నాను. కాలుతుందే అమ్మా, ప్రతి రొట్టే కాలుతుంది."

పొయ్యిలో మూడు రొట్టెలు మాడుతున్నాయి. ఎవరూ లేవలేదు. పిన్ని ఆ ఎర్రబడ్డ వేళ్ళను ఒళ్ళోకి తీసుకుంది.

"ఎలా కాలిందో మళ్ళీ చెప్పు," అంది.

పాస్కా చెప్పింది. పిన్ని ఇంకోసారి చెప్పమంది.