తొంభై ఏడో గడిలో నలభై మంది

అమెరికాలో ఒక పార్టీ తన అధ్యక్ష అభ్యర్థి ఎవరో తేల్చుకునే పనిలో ఉన్న రోజుల్లో, అక్కడి ఓటర్లు ఎవరి గురించి ఏమనుకుంటున్నారో సింగపూర్‌లో కూర్చుని వర్గీకరించే ఉద్యోగం నాకు దొరికింది. నేను అమెరికా చూడలేదు. ఆ మాటకొస్తే ఏ దేశంలోనూ ఓటు వేయలేదు. మా ఊళ్ళో జాబితాలో నా పేరు ఎక్కేసరికి నాకు పెళ్ళయి ఇటు వచ్చేశాను. ఈ పనికి ఇంతకంటే తగిన మనిషి దొరకదని ఇంటర్వ్యూలో అనలేదు గానీ అనుకున్నాను.

పని ఇదీ. సర్వే వాళ్ళు అక్కడి ఓటర్లకి ఫోన్ చేసి, ఫలానా అభ్యర్థికి ఎందుకు వేస్తారు, ఎందుకు వేయరు అని అడుగుతారు. వాళ్ళు నోటికొచ్చింది చెబుతారు. వాళ్ళు పడుకునే వేళకి మాకు తెల్లారుతుంది కాబట్టి ఆ మాటలన్నీ పొద్దున్నే మా స్క్రీన్ల మీదకి చేరతాయి. ఓటరు పేరుండదు, ఊరుండదు. మేమెక్కడ పక్షపాతం చూపిస్తామోనని అభ్యర్థుల పేర్లు కూడా తీసేసి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వేస్తారు. ఒక్కో జవాబూ చదివి దానికో కోడ్ వేయాలి. నిజాయితీ గురించైతే పదకొండు, అనుభవం గురించైతే పన్నెండు, అలాగన్నమాట. ఎందులోనూ ఇమడని జవాబుకి తొంభై ఏడు. ఆ గడి పేరు 'అదర్'.

నన్ను మూడు నెలల ట్రయల్ మీద తీసుకున్నారు. అప్పటిదాకా 'విజిటర్' అని రాసున్న పసుపు కార్డు మెడలో వేసుకుని తిరగాలి, సాయంత్రం వెళ్ళేటప్పుడు రిసెప్షన్‌లో ఇచ్చేయాలి. ఉద్యోగం ఖాయమైతే ఫొటో ఉన్న తెల్ల కార్డు ఇస్తారు, దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. పదకొండేళ్ళు ఇంటిపట్టున ఉన్నాను. ట్రైన్‌లో అందరి మెడల్లోనూ అలాంటి కార్డులు వేలాడుతుంటే లిటిల్ ఇండియాలో కొన్న గోంగూర సంచీ పట్టుకుని వాటినే చూస్తూ నిలబడేదాన్ని. నాకు ఆ తెల్ల కార్డు కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఈ మధ్య కాలంలో అంత ఆశ నేను దేని మీదా పెట్టుకోలేదు.

ఆ ఆశకి అడ్డం పడింది తొంభై ఏడు. ఆఫీసు లెక్కలో అదర్ నూటికి ఐదు దాటకూడదు. నాకు ఇరవై దాకా వచ్చేవి. నా తప్పేముంది? 'రెండో ఆయన కాలరు మెడకి బిగుసుకుపోయి ఉంటుంది, అలాంటివాళ్ళు అబద్ధం ఆడరు' అంటాడొకడు. అది నిజాయితీయా, చొక్కానా? 'ఐదో ఆమె టీవీలో కనిపిస్తే మా కుక్క మొరగదు' అంటుంది ఒకావిడ. 'పన్నుల గురించి ఆయన చెప్పింది నాకేమీ అర్థం కాలేదు, ఆయనకి అర్థమైనట్టే ఉంది, అది చాలు' అంటాడింకొకడు. నేను ఒక్కొక్కరినీ పది నిమిషాలు చూసి, వీళ్ళని ఎక్కడో ఇరికిస్తే అన్యాయం అయిపోతుందనుకుని, తొంభై ఏడు కొట్టేదాన్ని.

మా సూపర్‌వైజర్ నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ పిల్ల. రెండు నెలలు చూసి, ఓ రోజు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"యువర్ అదర్ టూ మచ్ లా," అంది, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి. "లైక్ దిస్, కన్ఫర్మ్ కెనాట్."

అనలేదుగానీ ప్రతి మనిషీ ప్రత్యేకమే అనుకుంటే ఈ పని నడవదని ఆమె మొహం చెప్పింది. నాకింకా నాలుగు వారాలున్నాయి.

అప్పుడే మా అత్తయ్య విజిట్ పాస్ మీద హౌగాంగ్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చి ఉంది. గుంటూరు జిల్లా మనిషి. మా ఆయన తరఫు బంధువుల్లో ఏ సంబంధం వచ్చినా పిల్లనో పిల్లాడినో ఆవిడ చూసి సరేనంటేనే ముందుకి కదిలేది. వారానికి రెండు రోజులు నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఓ మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర నేను తల పట్టుకుని కూర్చుంటే, ఎదురుగా గోరుచిక్కుళ్ళు తుంచుతూ అడిగింది.

"ఏందమ్మాయ్, అంతగా చూస్తన్నావు దాంట్లో?"

చెప్పాను. ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించవచ్చా లేదా అన్నది నేను ఆఫీసులో అడగలేదు, అడిగితే వద్దంటారని. ఇది అసలు ఎన్నిక కాదు, ఒకే పార్టీలో ఆరుగురు నేనంటే నేనని ముందుకొస్తే వాళ్ళలో ఎవరిని నిలబెట్టాలో తేల్చే ఎన్నిక అన్నాను.

"అంటే పెళ్ళి కాదు. పెళ్ళికి ముందు మనింట్లో మనం తన్నుకునేది," అంది అత్తయ్య.

అమెరికా ప్రైమరీల గురించి నాకు ట్రైనింగ్‌లో చూపించిన నలభై స్లైడ్లలో ఇంత స్పష్టత లేదు.

కాలరాయన జవాబు చదివాను. "మొహం," అంది చిక్కుడుకాయ విరుస్తూ. కుక్కావిడ జవాబు చదివాను. "అదీ మొహమే. కుక్క మీద పెట్టి చెప్తంది." మూడో ఆమె నవ్వు మా వదిన నవ్వులా ఉంటుంది, చచ్చినా వేయను అన్నవాడి జవాబుకి "చుట్టరికం" అంది. ఒకటో ఆయన మీద కసితో ఆరో ఆయనకి వేస్తానన్నవాడికి "కడుపుమంట" అంది. పన్నులాయనకి మాత్రం కాసేపు ఆలోచించింది.

"ఊరికే," అంది చివరికి.

"ఊరికే ఏంటత్తయ్యా?"

"ఊరికే అంటే ఊరికేనే. ముందే అనుకున్నాడు ఆయనకి వేద్దామని. మీవాళ్ళు ఫోన్ చేసి ఎందుకూ అంటే ఏదోటి చెప్పాల గదా పాపం."

మొహం, చుట్టరికం, కడుపుమంట, ఊరికే. ఈ నాలుగే. రెండు గంటల్లో ఆవిడ మూడు వందల మంది అమెరికన్లని ఈ నాలుగింట్లో సర్దేసి, చిక్కుళ్ళు కడగడానికి లేచింది. ఒక్కరు మిగల్లేదు. ఆ సాయంత్రం కింద హాకర్ సెంటర్‌కి వెళ్తే, ఒక దుకాణం ముందు బారెడు క్యూ, పక్క దుకాణం ఖాళీ. రెండూ అమ్మేది ఒకే నూడుల్స్. ఆ క్యూలో నిలబడ్డవాళ్ళని కూడా ఒక్కొక్కరినే చూపిస్తూ "ఊరికే, ఊరికే, ఆ కళ్ళజోడాయన మాత్రం మొహం" అంది. మా అమ్మాయి నానమ్మ చెయ్యి కిందకి లాగి "నానమ్మా, డోంట్ పాయింట్ లా!" అని బతిమాలుకుంది.

నేను ఆ నాలుగింటికీ ఆఫీసు బట్టలు తొడిగాను. మొహం కాస్తా 'పర్సనల్ అప్పీల్' అయింది. చుట్టరికం 'రిలేటబిలిటీ', కడుపుమంట 'యాంటీ సెంటిమెంట్'. ఊరికేని 'జనరల్ ప్రిఫరెన్స్' అన్నాను. కొత్త కోడ్లు కావాలని అడిగితే సూపర్‌వైజర్ సంతోషంగా ఒప్పుకుంది, ఇవి చూస్తే పని తెలిసినదానిలా ఉన్నావంది. తరవాతి పది రోజులూ, ఇంట్లో ఉంటే మధ్యాహ్నం, ఆఫీసుకెళ్తే వచ్చాక సాయంత్రం, నేను చదవడం, అత్తయ్య తీర్పు చెప్పడం. ఎక్కడో ఉన్న రెండో ఆయన మీద ఆవిడకి అభిమానం కూడా పుట్టింది. పేరు తెలియదు, మొహం తెలియదు, "మన రెండోవాడికి ఇవాళెట్టా ఉంది?" అని పొద్దున్నే కాఫీతోపాటు అడిగేది. ఆయన గ్రాఫు పడిపోయిన రోజు నాకు ఉప్మాలో ఉప్పు ఎక్కువైంది.

రెండు వేల జవాబులు పూర్తిచేసి పంపించాను. అదర్ సున్నా. తెల్ల కార్డు మీద ఫొటోకి ఏ చీర కట్టుకోవాలా అని కూడా ఆలోచించాను. మర్నాడు సూపర్‌వైజర్ నన్ను పిలిచింది. మొహం వాడిపోయి ఉంది.

"జీరో ఆ? కెనాట్ లా! క్లయింట్ విల్ థింక్ వీ చీట్."

సున్నా ఉండకూడదట. అంతమందిలో ఒక్కరైనా వింతవాళ్ళు లేరంటే ఎవరూ నమ్మరట. ఐదు దాటితే నాకు పని రాదన్నట్టు, అసలు లేకపోతే నేను పని చేయలేదన్నట్టు. నూటికి రెండు ఉంటే ఆరోగ్యం. అంటే రెండు వేలలో నలభై మందిని వెతికి పట్టుకుని శుక్రవారం లోపల తొంభై ఏడులో పెట్టాలి. దాన్ని బట్టే నా కన్ఫర్మేషన్. మొన్నటిదాకా నాలుగు వందల మందిని పెడితే తిట్టారు, ఇప్పుడు నలభై మందిని పెట్టమంటున్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ట్రైన్‌లో ఒళ్ళు మండిపోతూ ఇంటికొచ్చాను.

గురువారం మధ్యాహ్నం ఇద్దరం మళ్ళీ టేబుల్ దగ్గర కూర్చున్నాం. ఇప్పుడు మేం చేసేదీ ప్రైమరీయే, వింతవాళ్ళకి. చిక్కేమిటంటే అత్తయ్యకి ఎవరూ వింతగా అనిపించలేదు. కుక్కావిడని పెడదామన్నాను. "ఎందుకూ? మీ మామయ్య గేదె పాలిచ్చేదాన్ని బట్టి పేకాటకి పొయ్యేవాడు," అంది. నాలుగో ఆయన గెలవడు కాబట్టే వేస్తానన్నవాణ్ణి పెడదామన్నాను. "మంచోడే గదా, ఎవరికీ నష్టం లేదు," అంది. ఒక్కొక్కరి కోసం నేను వాదించి, బతిమాలి, సాయంత్రం నాలుగయ్యేసరికి ముప్పై తొమ్మిది మందిని కూడబెట్టాను. ఇంకొక్కరు కావాలి.

ఓ జవాబు కనిపించింది. చదివాను. 'నేను మొదట అనుకున్నామె పోటీలోంచి తప్పుకుంది. ఇక ఈమెకే వేయాలి. చూస్తున్నాను. పర్లేదు.'

"దొరికింది," అన్నాను. "ఇది మొహమూ కాదు, చుట్టరికమూ కాదు."

అత్తయ్య చేతిలో పని ఆపేసింది. "ఆవిణ్ణి అందులో వెయ్యమాక," అంది. "నాకూ అట్టాగే అయింది గదా."

"మీకేమైంది?"

"నీకు తెలీదూ? మావాడికి నలుగురు పిల్లల్ని చూశాం. నువ్వు నాలుగో పిల్లవి. నాకు మూడో పిల్ల నచ్చింది. గలగలా మాట్లాడింది, నవ్వింది. వాళ్ళు వేరే సంబంధం ఖాయం చేసుకున్నారు. నువ్వేమో మేం వచ్చినకాణ్ణించి పొయ్యేదాకా మంచినీళ్ళ గ్లాసు వంకే చూస్తా కూర్చున్నావు."

పద్దెనిమిదేళ్ళయింది మా పెళ్ళయి. బంధువులందరి సంబంధాలూ ఏరి చూసే మనిషి నన్ను ఏరుకుందని ఇన్నేళ్ళూ లోపల గర్వంగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

"మరి నాకెవరు వేశారు ఓటు?" అన్నాను.

"మీ మామయ్య. కాఫీ బాగుందన్నాడు."

ఆ కాఫీ మా పిన్ని పెట్టింది. ఆ సంగతి చెప్పలేదు. అంటే నన్ను ఈ ఇంటికి తెచ్చిన ఒకే ఒక్క ఓటు 'ఊరికే' అన్నమాట. చాలా కోపం వచ్చింది, కోపం కంటే ఎక్కువ ఏడుపు వచ్చింది. అత్తయ్య వద్దంటున్నా వినకుండా, ఆ అమెరికా ఆవిడకి తొంభై ఏడు కొట్టి, నలభై పూర్తి చేసి, ఫైలు పంపించేశాను.

సోమవారం సూపర్‌వైజర్ నవ్వుతూ వచ్చింది. క్లయింట్‌కి చాలా నచ్చిందట, ముఖ్యంగా అదర్. చేతిలో నా కన్ఫర్మేషన్ ఫారం పెట్టింది. నేను సంతకం పెట్టి ఇచ్చేస్తే తెల్ల కార్డు వచ్చేస్తుంది. చదివాను. 'ఈ ఉద్యోగిని ఖాయం చేయడానికి కారణం' అన్నచోట నాలుగు గడులున్నాయి. నైపుణ్యం, వేగం, క్రమశిక్షణ. ఆ మూడూ ఖాళీ. నాలుగోది అదర్, దాని మీద టిక్కు. పక్కన వివరించమని చుక్కల గీత ఉంది, అందులో ఏమీ రాయలేదు.

"ఏం రాయలేదేం?" అని అడిగాను.

"డోంట్ నో హౌ టు సే లా," అంది. "యూ ఫిల్ సమ్‌థింగ్. టుమారో గివ్ మీ."

ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. నేనే ఓ గంట ఆలోచించాను, నా గురించి నాకే ఒక్క ముక్క తోచలేదు. అత్తయ్య వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఏమిటని అడిగితే చెప్పక తప్పలేదు, నాలుగు రోజుల తరవాత మా మధ్య అదే మొదటి మాట.

"ఖాళీ వదిలితే వెనక్కి పంపుతారు. మన బ్యాంకులో అంతే," అంది. నా చేతిలో పెన్ను తీసుకుని, చుక్కల మీద ఒక్కో అక్షరం దిద్దినట్టు తెలుగులో రాసింది. రాసి, పాలు పొంగుతాయంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొయ్యి మీద పాలేమీ లేవు. కాగితం తిప్పుకుని చదివాను.

'మూడో పిల్లకి ఇంత ఓపిక ఉండేది కాదు.'

నేను దాని కింద సంతకం పెట్టాను.