వంతుల మీద వచ్చే సముద్రం

మా అక్క కట్టిన రేవు పట్నంలో సముద్రం వారానికి నాలుగు రోజులే ఉండేది. మిగతా మూడు రోజులు బందు. ఇది విని నవ్వేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. ఒకసారి నిండు క్లాసులో ఆ నవ్వు పడ్డదాన్ని కాబట్టి అది ఎట్లా ఉంటుందో కూడా తెలుసు. కాని అప్పట్లో మాకు అందులో వింతేమీ కనిపించలేదు. బాన్సువాడలో కాలువ గట్టు మీది క్వార్టర్‌లో పెరిగిన పిల్లలం మేము. నాయిన కాలువ మీద లష్కరు. తూముల తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఏ తూము వంతు ఏ రోజో చూసుకుని, పోయి గేటు తిప్పి నీళ్లు విడిచేవాడు, వంతు అయిపోగానే మూసేవాడు. నీళ్లు ఎక్కడున్నా ఒక మనిషి గేటు తిప్పితేనే వస్తాయని మేము నమ్మాం. సముద్రం అంటే ఇంకా పెద్ద కాలువ, దానికి ఇంకా పెద్ద గేటు. అంతే.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. మూడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని కాళ్లు మళ్లీ లేవలేదు. దవాఖానలు, పసర్లు, తాయెత్తులు అన్నీ అయ్యాక, అమ్మ ఆమెను తలుపు పక్కన గోడకు ఆనించి కూర్చోబెట్టి ఒళ్లో బీడీల చాట పెట్టింది. ఇది రాస్తుంటే అమ్మ కఠినురాలిలా కనిపిస్తోంది. కాదు. మా వాడలో ఆడవాళ్లంతా ఆ చాట మీదే బతికేవాళ్లు, అమ్మ కూడా. కూతురి చేతిలో ఒక పని ఉంటే రేపు ఎవరూ దాన్ని చులకనగా చూడరని ఆమె తాపత్రయం.

ఆ మరుసటి ఏడాది, అరవై తొమ్మిదిలో, ఉద్యమం వల్ల బడులు నెలల తరబడి మూతపడ్డాయి. పెద్దవాళ్లకు అది ఎట్లాంటి కాలమో వాళ్లే చెప్పాలి. అక్కకు మాత్రం అది న్యాయమైన కాలం. వాడలో ఒక్క పిల్ల కూడా బడికి పోలేదు, అక్కా పోలేదు. తేడా లేదు. అందరూ మా గడప దగ్గరే పోగయ్యేవాళ్లు. అక్క దగ్గర ఆమె మూడో తరగతి పుస్తకం ఉండేది. అందులో సగం పేజీ బొమ్మ, ఒక రేవు, నాలుగు పడవలు, మూటలు మోస్తున్న మనుషులు. దాని కింద రెండు వాక్యాలు. మిగతా పట్నమంతా అక్క సొంతంగా కట్టుకున్నదే.

బడులు తెరిచారు. పలకలు పట్టుకుని అందరం పోయాం. నేను గడప దాటుతుంటే ఏడుపు వచ్చింది, అక్కకు రాలేదు.

"నువ్వు బడికి పో చెల్లె. నేను గీడ డ్యూటీ చేస్త," అంది.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆమె పక్కన గోడ మీద బొగ్గుతో గీసిన రేవు ఉంది. ఆమె చెయ్యి అందినంత మేరకే పట్నం. అంతకంటే పైకి పోవాలంటే నన్ను నిలబెట్టి గీయించేది. "ఇంగ జర మీదికి. గా కొనకు. అరె, గది గుట్ట గాదే, గోదాము!" అని కసిరేది. బీడీ ఆకు కత్తిరిస్తూ, పొడి పోసి చుడుతూ, చేతి పని ఆపకుండానే పట్నం చెప్పేది. నేను పక్కన కూర్చుని బీడీల మూతులు మడిచి ఇస్తూ వినేదాన్ని.

ఆ పట్నంలో ఎన్ని వాడలో. నీళ్లకు దగ్గరగా హమాలీల వాడ. ఆ వాడలో ఏ బరువునూ ఒక్కడు ఎత్తకూడదని కట్టుబాటు. దాని వెనక తాళ్లు పేనేవాళ్ల వాడ. ఆ పక్కన తెరచాపలు కుట్టే దర్జీల గల్లీ. వాళ్లు పొద్దున్నే మిద్దెలెక్కి, గుడ్డ చాచి పట్టుకుని, ఆ రోజు గాలికి కొలత తీసుకునేవాళ్లు. ఇక్కడి నుంచి బెల్లం, బియ్యం పోయేవి. అక్కడి నుంచి అద్దాలు, సంత్రాలు, రబ్బరు చెప్పులు వచ్చేవి. దూరదేశాల పడవల వాళ్లంతా మరాఠీ మాట్లాడేవాళ్లు. డోంగ్లి వైపు నుంచి సంతకు వచ్చేవాళ్ల మాట తప్ప మాకు తెలిసిన పరాయి మాట ఇంకొకటి లేదు మరి.

అన్నిటికంటే పెద్దది వంతు వాడ. సముద్రం బందు ఉన్నప్పుడు వచ్చిన పడవల వాళ్లు తమ వంతు వచ్చేదాకా అక్కడ ఉండాలి. చాయ హోటళ్లు, సత్రాలు, కాళ్లు చాపుకోవడానికి అరుగులు. కొందరు ఆగీ ఆగీ అక్కడే పెళ్లిళ్లు చేసుకుని ఇళ్లు కట్టుకున్నారు. ఇక ఎండాకాలంలో మా కాలువకు పూడిక తీసినట్టే అక్కడ సముద్రానికీ పూడిక తీసేవాళ్లు. పట్నమంతా పారలు పట్టుకుని సముద్రం అడుగుకు దిగేది. ఎవరు ఏది పోగొట్టుకున్నా ఆ రోజు దొరుకుతుందని అక్క చెప్పేది. నేను పోగొట్టుకున్న చెవి కమ్మ ఒకటి ఏటా దొరికేది, ఏటా మళ్లీ పోయేది.

గేటు దగ్గర ఒక గది, గదిలో ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే లష్కరు మా అక్క. పొద్దున లేస్తే నావికులు, షావుకార్లు, చేపలవాళ్లు అందరూ ఆమె దగ్గరికే రావాలి. మా ఇంటి ముందు రైతులు నాయినను బతిమాలినట్టే బతిమాలాలి. "అక్కా, మా పడవ ఎండుతున్నదే, జర నీళ్లు ఇడువు," అని ఆ గొంతులన్నీ నేనే అనేదాన్ని. అక్క ముఖం గంభీరంగా పెట్టి, "నీ వంతు బేస్తారం. గప్పటిదాంక ఆగు," అనేది. లష్కరు లేచి నడవాల్సిన పని లేదు. ఆమె కూర్చున్న చోటికే సముద్రం వస్తుంది, ఆమె చెబితేనే వస్తుంది. మా ఇంట్లో ఆమెను ఎత్తి కూర్చోబెట్టాలి, ఎత్తి పడుకోబెట్టాలి. లోకంలో ఆమె కోసం ఎవరైనా ఆగే చోటు అదొక్కటే. ఆ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. తెలిసే చేశాను, నేను చేసినది.

ఏటా దసరాకు అమ్మ గోడలకు సున్నం వేసేది. పట్నం మునిగిపోయేది. సున్నం ఆరగానే అక్క మళ్లీ గీసేది, ఆ ఏడాది తెలిసిన కొత్త సంగతులు కలిపి. నేను పదో తరగతికి వచ్చినా మా ఆట ఆగలేదు. బయట ఎవరికీ చెప్పేదాన్ని కాదు, ఇంటికి రాగానే మాత్రం చెప్పులు విడవకముందే పడవల సంగతి అడిగేదాన్ని.

డెబ్భై ఎనిమిదిలో నిజామాబాద్ కాలేజీలో చేరాను, హాస్టల్లో ఉండి. చేరిన రెండో నెలలో లెక్చరర్ ఓడరేవుల గురించి చెబుతున్నాడు. నాకు సంతోషం ఆగలేదు. ఇన్నాళ్లకు నాకు తెలిసిన పాఠం. లేచి నిలబడి, "సముద్రం బందు పెట్టినప్పుడు వచ్చిన పడవలను ఎక్కడ ఆపుతారు సార్?" అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను, గేట్లు, వంతులు, లష్కరు. ముందు వెనక బెంచీ నవ్వింది, తర్వాత క్లాసంతా, చివరికి ఆయన కూడా. ఆ ఏడాదంతా హాస్టల్లో నీళ్లు రాకపోతే చాలు, "లష్కరమ్మా, జర గేటు తిప్పు," అని నన్ను పిలిచేవాళ్లు.

నాకు కోపం ఎక్కువ. ఇప్పటికీ ఎక్కువే. ఆ కోపం నవ్వినవాళ్ల మీద చూపించాల్సింది. వాళ్ల మీద చూపించే ధైర్యం లేక మూట కట్టుకుని దసరా సెలవులకు ఇంటికి తెచ్చాను. అప్పటికే సున్నం వేశారు. గోడ తెల్లగా ఉంది. అక్క బొగ్గు ముక్క దాచుకుని నా కోసం ఆగింది. వాడలో ఆడవాళ్లు నలుగురు మా గడప దగ్గర బీడీలు చుడుతున్నారు.

"చెల్లె వచ్చింది. ఇగ మొదలువెడ్దాం. ఈ యేడు వంతు వాడ పెంచాలె," అంది అక్క.

"ఏం వాడ? సముద్రానికి గేట్లుంటయా ఎక్కడన్న? నీ మాటలు నమ్మి అందరిల నవ్వులపాలైన," అన్నాను. అందరూ వినేటట్టే అన్నాను.

అక్క చేతిలో సగం చుట్టిన బీడీ అట్లాగే ఉండిపోయింది.

"మరి నీళ్లు ఎవరు ఇడుస్తరు?"

"ఎవ్వరిడువరు. చంద్రుని వల్ల అదే వస్తది, అదే పోతది. పుస్తకంల ఉన్నది."

"మనిషి అక్కర లేదా?"

"ఏ మనిషీ అక్కర లేదు."

ఆడవాళ్లలో ఒకామె నవ్వింది. మంచిదే ఆవిడ, ఏదో పిల్లల గొడవ అనుకుని నవ్వింది. అక్క ఆ బీడీ చుట్టడం పూర్తి చేసి, దారం కట్టి, చాటలో పెట్టింది. "సదువుకున్నదానివి, నీకే తెలుస్తది," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఆ సాయంత్రమే కాళ్లు పట్టుకునేదాన్నేమో. గోడ మీద ఆమె ఆ రోజు ఏమీ గీయలేదు. ఆ తర్వాత కూడా గీయలేదు.

సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ తెల్ల గోడ చూసేదాన్ని. పెద్దవాళ్లం అయ్యాం, ఆటలు పోవడం మామూలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎనభై ఒకటిలో అక్కకు దగ్గు పట్టుకుంది. పొగాకు పొడి అన్నారు కొందరు, కూర్చుని కూర్చుని ఊపిరితిత్తులు బలహీనపడ్డాయన్నారు కొందరు. ఎనభై రెండు వానాకాలంలో, కాలువకు నీళ్లు వదిలిన వారంలో, అక్క పోయింది. నాయిన ఆ వారం కూడా డ్యూటీకి పోయాడు. పొలాలు ఆగవు కదా అన్నాడు. గేటు దగ్గర ఒక్కడే కూర్చుని ఏడ్చాడని తర్వాత రైతులు చెప్పారు.

చదువయ్యాక నాకు పిట్లంలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రోజూ బాన్సువాడ నుంచి బస్సు. అక్క పోయిన మూడేళ్లకు, ఒక సాయంత్రం, కాలువ వంతెన దగ్గర బస్సు ఆగిపోయింది. టైరు మారుస్తున్నారు. అందరం దిగి గట్టు మీద నిలబడ్డాం. కింద లష్కరు ఎవరో గేటు తిప్పుతున్నాడు. నా పక్కన తండాకు పోయే ఒక పెద్దాయన, తలకు రుమాలు, అది చూస్తూ నిలబడ్డాడు.

"బొంబాయి గోదీల గూడ గిట్లనే తిప్పుతరు బిడ్డా. గాడ గేట్లు మన ఇల్లంత ఉంటయి," అన్నాడు.

గోదీ అంటే ఏమిటని అడిగాను. పడవల్లో సామాను ఎక్కించి దించే చోటు అన్నాడు. పన్నెండేళ్లు అక్కడ హమాలీ పని చేశాడట. సముద్రం ఎక్కుతుంది, దిగుతుంది, దిగినప్పుడు పడవ కూడా కిందికి పోతుంది, అందుకని గోదీలో నీళ్లు నింపి గేటు మూసి ఆపుతారు. మళ్లీ సముద్రం ఎక్కే వేళ చూసి తెరుస్తారు. అప్పటిదాకా బయట పడవలు వరసగా ఆగాల్సిందే.

"ఎవరు తెరుస్తరు?" అన్నాను. 

"గేటు కాడ ఒక గది ఉంటది. దాంట్ల మనుషులుంటరు. ఆళ్లు సైగ చేస్తెనే పడవ లోపలికి రావాలె, ఎంత పెద్ద షావుకారిదైనా."

బస్సు కదిలింది. నేను దారి పొడుగునా ఏడ్చాను. ఆయన తన మాటల్లో ఏం తప్పు దొర్లిందో తెలియక, పాపం, రెండుసార్లు క్షమించమన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పులతోనే లోపలికి పోయాను. అమ్మ బీడీలు కట్టలు కడుతోంది. అంతా చెప్పాను. గేట్లు ఉన్నాయి, గది ఉంది, వంతు ఉంది, అక్క చెప్పిందే నిజం, నాకే తెలియదు. అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె దారం పంటితో తెంపి, కట్ట పక్కన పెట్టింది.

"అది నాకు గప్పుడే చెప్పింది బిడ్డా."

"ఏం చెప్పింది?"

"నువ్వు కాలేజీకి మర్లిపోయిన రెండు దినాలకు. 'నీళ్లు అయే వచ్చి అయే పోతే పడవ నిలువదమ్మా, సామాను ఎట్ల దించుతరు? ఏడనో ఒక తాన గేటు వెట్టి ఆపవలసిందే,' అన్నది. గంటసేపు చెప్పింది నాకు. నాకేం సమజైతది?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేను అన్న, చెల్లె వస్తే చెప్పు అని. వద్దన్నది. కాలేజీల సదివేటిది, మూడో తరగతి దాన్ని నేను దిద్దితే చిన్నబోతది అన్నది. అదే మల్ల అడుగుతది, అడిగినప్పుడు చెప్త అన్నది." అమ్మ నా వైపు చూడలేదు. "నువ్వు వచ్చే దినం నాతోని బొగ్గు తెప్పిచ్చుకునేది. నువ్వు పోయినంక పొయ్యిల పారెయ్యమనేది."

నాలుగేళ్లు. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి, ప్రతి సెలవుకూ వచ్చాను. అన్నం తిన్నావా అని అడిగాను. మందు వేసుకున్నావా, దగ్గు తగ్గిందా అని అడిగాను. పడవల సంగతి ఒక్కసారి కూడా అడగలేదు.