నేను ముందొచ్చిన రోజులు

నాకు ముక్కు మీద కోపం. ఆ కోపం వల్ల ఒకామె ఉద్యోగం పోయింది. ఇన్నేళ్ళు గడిచినా ఈ సంగతిని ఇంకో రకంగా చెప్పుకోవడం నాకు చేతకాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విశాఖ పోర్టు గేటు బయట, ఒక సరుకు రవాణా కంపెనీ షెడ్డులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. బొగ్గు, ఎరువులు ఎత్తుకుపోయే లారీలు అక్కడ స్లిప్పు కొట్టించుకుంటేనే గేటులోకి దారి. స్లిప్పుల హాల్లో ఆరు మిషన్లు. వాటికి సొంత డిస్కు లేదు. పొద్దున్న ఏడింటికి స్విచ్చి వేయగానే ఒక్కొక్కటీ వైరు మీద రెండు ప్రశ్నలు అడుగుతుంది: నా నంబరేమిటి, నా ప్రోగ్రామ్ ఎక్కడుంది? లోపలి గదిలోని సర్వరు రెండింటికీ జవాబిస్తే లేచి పనిచేస్తుంది. లేకపోతే నల్లటి తెర మీద తనకు దొరికిన నంబరూ నాలుగు తెల్ల అక్షరాలూ చూపిస్తూ అలాగే ఉండిపోతుంది.

ఆ వేసవిలో అవి అలా ఉండిపోవడం మొదలైంది. రోజూ అయితే పట్టుకోవడం తేలికే. ఒకరోజు ఆరూ లేచేవి, మర్నాడు రెండే లేచేవి. కేబుళ్ళు మార్చాను. హబ్బు మార్చాను. సర్వరు విప్పి బొగ్గు పొడి దులిపాను. నాలుగైదుసార్లు ఆపి వేస్తే తొమ్మిదింటికో ఎప్పటికో దారికొచ్చేవి. ఈలోగా లారీలు రోడ్డు దాకా బారులు తీరేవి, డ్రైవర్లు కౌంటర్ కడ్డీలు పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. ఆ తిట్లు తినేది నేను కాదు, కౌంటర్లో కూర్చున్నవాళ్ళు.

వాళ్ళలో ఒకామె జాలరిపేట నుంచి వచ్చేది. తండ్రి, అన్న వేటకు వెళ్ళే ఇల్లు. ఇంటర్ దాకా చదివి కుర్చీలో కూర్చునే పని సంపాదించింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. అదీ కాంట్రాక్టు మీద. పొద్దున్నే వచ్చి ఆరు మిషన్లూ ఆన్ చేయడం ఆమె వంతు.

ఒకరోజు నేను బల్ల కింద దూరి వైర్లు లాగుతుంటే వచ్చి నిలబడింది.

"సార్, ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి. మీరు నాకన్నా ముందొచ్చిన రోజునే ఇవి లెగట్లేదు. మీరు లేటైన రోజు అన్నీ లెగుస్తన్నాయి. నాను మూడు వారాలబట్టి సూత్తన్నాను."

హాలంతా గొల్లుమంది. "అదేటమ్మా, సార్ ఎదురొత్తే మిషన్లు కూడా లెగవా?" అన్నాడు ఒక లారీ గుమాస్తా. అంతకుముందు నేను పనిచేసిన రెండు కంపెనీలూ నేను చేరిన ఏడాదికే మూతపడ్డాయి. నా పాదం మహత్యం గురించి ఆఫీసులో అప్పటికే జోకులు నడుస్తున్నాయి. ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం ఆగలేదు. "అది కాదు సార్, ఆ రోజుల్లో తెర మీద పడే నంబరు కూడా వేరు. రాసుకున్నాను, సూడండి" అంటూ ఒక స్లిప్పు కాగితం చాపింది.

నేను చూడలేదు. "జాతకాలు చెప్పడానికొస్తున్నావా, పని చేయడానికొస్తున్నావా?" అని అందరి ముందూ అరిచాను.

ఆ మధ్యాహ్నం మేనేజరు పిలిచి కారణం అడిగాడు. ఆపరేటర్ మిషన్లు సరిగ్గా ఆన్ చేయడం లేదన్నాను. అది అబద్ధమని అప్పుడు నేను అనుకోలేదు. నిజమని కూడా అనుకోలేదు. శనివారం ఆమెను ఇక రావద్దన్నారు.

మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు, మా కాపురం దువ్వాడలో. అక్కడ మొదటి రైలు దొరికిన రోజే నేను ముందొచ్చేవాణ్ణి. సోమవారం అది దొరికింది. ఆరున్నరకే నా గదిలో కూర్చుని నా కంప్యూటరు ఆన్ చేసుకున్నాను. ఏడింటికి కొత్త ఆపరేటర్ కేకేశాడు. మిషన్లు లేవడం లేదు.

అరవడానికి ఆమె లేదు కాబట్టి తెర వైపు చూశాను. మా నంబర్లన్నీ నూట తొంభై రెండుతో మొదలవుతాయి. తెర మీదున్నది పదితో మొదలైంది. ఆ పది నా చేత్తో నేను టైపు చేసిందే. అంతకుముందు ఏదో పరీక్షకు చదువుకుంటూ, నా కంప్యూటరులో నంబర్లు పంచే ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకున్నాను. పరీక్ష అయ్యాక తీసేయడం మరిచిపోయాను. నేను ఆ కంప్యూటరు వేసినప్పుడల్లా అదీ లేచి, చాలాసార్లు సర్వరు కన్నా ముందే, అడిగిన మిషన్‌కు తన నంబరు ఇచ్చేసేది. రెండో ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

గదిలోకి వెళ్ళి దాన్ని తీసేశాను. ఆరూ లేచాయి.

"సూసేరా, ఆ అమ్మి ఎల్లిపోయింది, మిషన్లు బాగుపడ్డాయి" అన్నారు హాల్లో. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత అవి ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అవి లేచిన ప్రతి పొద్దూ తప్పు ఆమెదేనని జనానికి మరింత గట్టిగా తెలిసింది.

పది రోజులకు మనసు ఉండబట్టక మేనేజరు గదిలో తలుపేసి అంతా చెప్పాను. "ఇప్పుడు బాగానే నడుస్తన్నాయి కదా గురూ, మళ్ళీ కెలకడం ఎందుకు?" అన్నాడాయన. నాకు హాయిగా అనిపించింది. సిగ్గులేని హాయి.

ఆ ఆదివారం జాలరిపేట వెళ్ళాను. ఆమె గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. కూర్చోమని మంచినీళ్ళిచ్చింది. నా కంప్యూటరు సంగతి, మేనేజరుతో చెప్పిన సంగతి అన్నీ చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"నాకు తెలిసిందే కదా సార్, నానే కదా మీకు సెప్పాను" అంది. "పక్క షెడ్డుకి పనికెల్లాను. నా సెయ్యి పడితే మిషన్ లెగదని ఆలకి కూడా తెలిసిపోయింది. పొమ్మన్నారు. ఇదంతా నాకెందుకు సెప్తన్నారు? ఆ హాల్లో నవ్వినోల్లకి సెప్పండి."

"రేపే చెప్తాను" అన్నాను.

మర్నాడు ఏడింటికి హాల్లోకి వెళ్ళాను. అందరూ ఉన్నారు. స్లిప్పులు చకచకా వస్తున్నాయి. ఆ లారీ గుమాస్తా నన్ను చూసి బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. "రండి సార్, కూకోండి. మీరు సరిసేసినకాడి నుంచి మాకు ఏ బాధా లేదు" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన టీ చెప్పాడు, తాగాను. ఆ కంపెనీలో ఇంకో మూడేళ్ళు పనిచేశాను, ఆ మాట ఆ హాల్లో ఎవరికీ చెప్పలేదు.