ఒక్క పూటకు అరువు తెచ్చిన కోడిపిల్ల

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క బలహీనమైన కోడిపిల్లలను బతికించిన తీరును నేను ఇప్పటికి ఎందరికో చెప్పాను. తరగతి గదుల్లో చెప్పాను, ఇంట్లో పిల్లలకు చెప్పాను. ఈమధ్య మళ్ళీ చెబుతుండగా మా మనవరాలు అడ్డుపడింది. "తాతయ్యా, పోయినసారి ఆ పిల్ల తెల్లదన్నావు కదా!" అంది. ఏ వస్తువు ఎక్కడ తీస్తే అక్కడే పెట్టాలని ఇల్లంతటినీ సాధించే మనిషిని నేను. నా జ్ఞాపకమే తన చోటు వదిలి జరుగుతున్నదని తెలిసినప్పుడు కలవరపడ్డాను. ఇంకా జరిగిపోకముందే, గుర్తున్నది గుర్తున్నట్టు, ఒక వరుసలో రాసి పెట్టడం అవసరమనిపించింది. ఆ పిల్ల నల్లదే. అక్కడి నుంచి మొదలుపెడతాను.

మా నాన్న బడిపంతులు. భద్రాచలం వైపు వెళ్ళే దారిలో, పొలాలు ఆగి అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న పల్లెకు ఆయనకు బదిలీ అయింది. అంతకు ముందు వానాకాలంలోనే మా అమ్మ జ్వరంతో పోయింది. కొత్త ఊళ్ళో మేమిద్దరమే. నాన్న తన దుఃఖాన్ని క్రమశిక్షణలో దాచుకున్నారు. గోడ గడియారం పన్నెండు కొట్టేసరికి అన్నం వార్చి, నా కంచంలో వడ్డించి, తాను అరుగు మీదకు వెళ్ళి వీధి వైపు తిరిగి కూర్చునేవారు. నేను కంచం ముందు ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ముద్ద నోటిదాకా వచ్చేది, లోపలికి దిగేది కాదు. ఎందుకు తినలేకపోతున్నానో చెప్పడం నాకు రాలేదు. అడగడం ఆయనకు రాలేదు. నా చొక్కా భుజాల మీద నుంచి జారిపోయేటంతగా చిక్కిపోయాను. ఒకసారి బడిలో ప్రార్థన వేళ కళ్ళు తిరిగి పడ్డాను.

మా పెరటి దడికి అవతల అక్క వాళ్ళ ఇల్లు. అక్క తండ్రి బొగ్గుబాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేస్తూ సెలవు దొరికినప్పుడే వచ్చేవాడు. ఇంట్లో అక్క, ఆమె తల్లి, అల్లరికి మారుపేరైన ఇద్దరు తమ్ముళ్ళు. అక్క తల్లిని నేను పెద్దమ్మ అనేవాణ్ణి. ఆమె నన్ను చూసినప్పుడల్లా, "మీ నాయిన గడియారం జూసి అన్నం పెడ్తడట గద? ఆకలి నీకైతదా బిడ్డా, గడియారానికైతదా?" అని నవ్వేది. నాన్నకు వినబడుతుందేమోనని నేను భయపడేవాణ్ణి.

ఆ వేసవి సెలవుల్లో అక్క ఒక కోడిని పొదగవేసింది. వెదురు గంపలో ఊక పోసి, గుడ్లు పేర్చి, వాటి మధ్య విరిగిన కొడవలి ముక్క ఒకటి ఉంచింది. ఉరుముకు గుడ్లు చెడిపోతాయని, ఇనుము పక్కనుంటే ఉరుము వాటిని తాకదని ఆ పల్లెలో అందరి నమ్మకం. బీడీలకు వాడే తునికాకు కోతలు ముగిసి, పిల్లలు బయటికి వచ్చే సమయం దగ్గరపడుతుండగా, అక్క ఏదో పెళ్ళికి మేనత్త ఊరికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే తొలకరి మబ్బులు పట్టి అడవి మీద ఎడతెగక ఉరిమాయి. పెద్దమ్మకు ఒక్క కొడవలి ముక్క మీద ధైర్యం చాలలేదు. గంపను కోడితో సహా పొయ్యి పక్కకు జరిపి, శబ్దం సోకకుండా చుట్టూ గొంగడి కప్పింది.

తిరిగి వచ్చిన అక్క గంపలో చేయి పెట్టి చూసి తల పట్టుకుంది. "అమ్మా, గుడ్లు పొదిగిచ్చినవా, ఉడకబెట్టినవా?"

"ఉరుములకు భయపడి జేసిన్నే! నాకేమన్న సరదానా? నువ్వు పెండ్లిల బువ్వ తినుకుంట కూసుంటివి," అని పెద్దమ్మ ఎదురు తిరిగింది. కానీ ఆమె ముఖం చిన్నబోయింది. ప్రేమతో చేసిన జాగ్రత్తే హాని చేసిందని ఆమెకు తెలిసిపోయింది.

గుడ్లలో కొన్ని మురిగిపోయాయి. కొన్నింటి నుంచి పిల్లలు బాగానే వచ్చాయి. మూడింటిలో మాత్రం పిల్లలు పెంకుకు చిల్లి పొడిచి, అక్కడే ఆగిపోయాయి. పెంకు లోపలి పొర వేడికి ఎండి, కాగితంలా వాటి ఒంటికి అతుక్కుపోయింది. దడి దాటి వచ్చి చూస్తున్న నేను ఆత్రంగా పెంకు ఒలవబోయాను. అక్క నా చేయి పట్టుకుంది. "పీకకు తమ్మీ, నెత్తురొస్తది. ఆగాలె." గోరువెచ్చని నీళ్ళలో గుడ్డపేలిక తడిపి ఆ చిల్లి మీద వేసేది, కొంతసేపు ఊరుకునేది, పొర మెత్తబడిన మేరకే గోటితో తొలగించి మళ్ళీ ఆగేది. పొద్దు వాలేదాకా అదే పని. చివరికి మూడూ బయటపడ్డాయి. నిలబడలేవు, తల నిలపలేవు. కాళ్ళు రెండు పక్కలకు జారిపోయి, తడిసిన దూదిలా పడి ఉన్నాయి.

మరునాడు తల్లికోడి గట్టి పిల్లలను వెంటబెట్టుకుని పెరట్లోకి దిగింది. ఈ మూడింటి వైపు తిరిగి చూడలేదు. అక్క వాటిని వేరే గంపలో పాత చీర ముక్క మీద పడుకోబెట్టి, పక్కన వేడి బూడిద నింపిన మూకుడు ఉంచింది. వేలు నీళ్ళలో ముంచి ముక్కులకు తాకించింది. టేకు ఆకు మీద నూకలు పోసి, తల్లికోడి పొడిచినట్టు గోటితో టకటకమని కొట్టి చూపింది. అవి కళ్ళు మూసుకుని వణుకుతూ ఉన్నాయే తప్ప ఒక్క నూకను కూడా ముట్టలేదు. ఆ మరునాటి తెల్లవారికి మూడింటిలో ఒకటి చచ్చిపోయింది. అక్క దాన్ని ఆకులో చుట్టి తీసుకుపోయింది.

"మిగిలినవి కూడా పోతాయా అక్కా?" అని అడిగాను. మా అమ్మ మంచాన ఉన్నప్పుడు ఇదే మాట పెద్దలను అడిగితే, ఏమీ కాదని అందరూ అన్నారు. అక్క అలా అనలేదు.

"తినకుంటే పోతయ్ తమ్మీ. పుట్టంగ కడుపుల ఉన్న సొన ఇయ్యాలటిదాంక ఆసరైంది. ఇగ అవే తినాలె."

నేను గంప దగ్గర నుంచి కదలలేదు. అక్క కాసేపు ఆలోచించి పెరట్లోకి వెళ్ళింది. గట్టి పిల్లలన్నిటిలోనూ చురుకైనది ఒక నల్లపిల్ల. దాన్ని పట్టబోతే తల్లికోడి ఎగిరి ఆమె మణికట్టు మీద గీరింది. రక్తం చిమ్మినా అక్క వదల్లేదు. "గంత కోపమేందే నీకు? ఒక్క పూటకు అరువిమ్మంటున్న. నీ పిల్లను నీకే ఇస్త," అని కోడితో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడి, ఆ నల్లపిల్లను తెచ్చి నీరసంగా పడి ఉన్న రెండింటి మధ్య దింపింది.

అది ఒక క్షణం బిత్తరపోయింది. మరుక్షణం ఆకు మీద నూకలు చూసి, ఊరంతా తనదే అన్నట్టు పొడవడం మొదలుపెట్టింది. ఒకదాన్ని తొక్కింది, ఇంకొకదాన్ని నెట్టింది. నెట్టబడినది కళ్ళు తెరిచింది. ఆ టకటకను చాలాసేపు చూసింది. తర్వాత మెడ సాచి, గురి తప్పి ఆకును పొడిచింది. మళ్ళీ పొడిచింది. ఈసారి నూక దాని ముక్కులో ఉంది. దాన్ని చూసి రెండవది కూడా కదిలింది.

అదే సమయంలో అక్క తమ్ముళ్ళు గంప పక్కనే భోజనానికి కూర్చున్నారు. మోదుగాకు విస్తళ్ళలో సంకటిలాంటి జొన్నగటక, చింతచిగురు పప్పు. అక్క నన్ను ఏమీ అడగకుండానే వాళ్ళిద్దరి మధ్య నాకూ ఒక విస్తరి వేసింది. ఒకడు నా పప్పులో వేలు ముంచాడు, ఇంకొకడు, "సారు కొడుకు గూడ కోడిపిల్ల లెక్కనే తింటుండు, సూడు సూడు!" అని ఎగతాళి చేశాడు. నేను వాణ్ణి మోచేత్తో పొడిచి, గంపలోకి చూస్తూ, నవ్వుతూ తిన్నాను. విస్తరి ఖాళీ అయిన సంగతి పెద్దమ్మ మళ్ళీ వడ్డించినప్పుడు గాని నాకు తెలియలేదు.

తలెత్తి చూస్తే దడి అవతల మా నాన్న నిలబడి ఉన్నారు. చేతిలో మూత పెట్టిన నా కంచం ఉంది. పన్నెండు ఎప్పుడో దాటింది. కోప్పడతారనుకున్నాను. ఆయన నన్ను కాదు, నా ముందున్న విస్తరిని చూస్తున్నారు. అక్క కూడా చూసి లేచింది. "సారూ, అక్కడ్నే నిలబడ్డరేంది? రాండ్రి, మీరు గూడ కూసోండ్రి. ఒక్కలే తింటే ఎవలికన్న బువ్వ దిగుతదా?" అంది.

క్రమం తప్పని మా నాన్న ఆ రోజు చెప్పులు విడిచి, పెద్దమ్మ వేసిన చాప మీద కూర్చున్నారు. ఆయన తెచ్చిన కంచంలోని అన్నాన్ని అందరం పంచుకున్నాము. అమ్మ పోయిన తర్వాత ఆయన తింటుండగా నేను చూడడం అదే మొదలు. ఆయన కూడా అన్నాళ్ళు సరిగా తినలేదని అప్పుడే తెలిసింది.

పొద్దు గుంకి, తల్లికోడి తన పిల్లలను రెక్కల కిందికి తీసుకున్న తర్వాత, అక్క నల్లపిల్లతో పాటు ఆ రెండింటిని కూడా మెల్లగా దాని కిందికి జార్చింది. "చీకట్ల కోడికి నాది, పరాయిది అని ఉండదు తమ్మీ. పొద్దుగాలకు అన్నీ తనయే అనుకుంటది." నేను ఆ రాత్రి భయంతోనే నిద్రపోయాను. పొద్దున్నే దడి దగ్గరికి పరుగెత్తాను. తల్లికోడి పెరట్లో ఉంది. అన్నిటికంటే వెనుక, కొంచెం తూలుతూ, నల్లపిల్ల అడుగులోనే అడుగు వేస్తూ ఆ రెండూ ఉన్నాయి.

కొంతకాలానికి అక్కకు పెళ్ళయి బొగ్గుబాయిల వైపు వెళ్ళిపోయింది. నాన్నకు మధిర దగ్గరకు బదిలీ అయింది. నేనూ బడిపంతులు ఉద్యోగంలో చేరాక ఆ పల్లెకు వెళ్ళి అక్క గురించి అడిగాను. ఆ ఇంట్లో వేరెవరో ఉన్నారు. అక్క కుటుంబం గని నుంచి గనికి మారుతూ పోయిందని మాత్రమే చెప్పగలిగారు. ఆమె ఆ పూట నల్లపిల్లతో పాటు తన తమ్ముళ్ళను కూడా నాకు అరువిచ్చిందని ఆమెకు నేను చెప్పవలసి ఉంది. పెద్దవాణ్ణయ్యాక తెలిసిన ఆ మాటను వినిపించడానికి మనిషి దొరకలేదు.

నా తరగతిలో వెనుకబడిన పిల్లలను ఎన్నడూ ఒక మూలకు చేర్చలేదు. ప్రతి బల్ల మీదా ఒక నల్లపిల్లను కూర్చోబెట్టాను. ఇప్పటికీ మధ్యాహ్నం ఒక్కణ్ణే కంచం ముందు కూర్చోను. వీధిలో పోయే వారినైనా పిలుస్తాను. మా ఇంట్లో గడియారం సరిగ్గానే నడుస్తుంది, భోజనం మాత్రం దాని మాట వినదు.

రాసినదాన్ని సరిచూసుకున్నాను. అయినా పెళ్ళి ఎవరిదో, ఆ రోజు పప్పు చింతచిగురుదో కాదో, తమ్ముళ్ళలో నన్ను ఎగతాళి చేసినది పెద్దవాడో చిన్నవాడో నాకు నిశ్చయంగా తెలియదు. ఆ వైపు పల్లెల ఆచారం తెలిసినవారు పొరపాట్లుంటే దిద్దగలరు, ముసలివాడని మొహమాటపడవద్దు. ఇది ఎలాగో ఆ అక్క కంటబడితే, అందరికంటే ముందు ఆమె దిద్దాలి. "గట్ల కాదు తమ్మీ," అని ఆమె ఒక్కసారి అంటే చాలు, మొదటి నుంచి మళ్ళీ రాస్తాను.