ఏకాంబరం రాకెట్టుకు జ్ఞానాంబ కాపలా

మరమగ్గాల ఫిట్టరు ఏకాంబరం మంచివాడని నగరిలో అందరూ అంటారు. అందరూ మంచివాడన్న మనిషిని నేతపని చేసే జ్ఞానాంబ ఒకటికి రెండుసార్లు చూస్తుంది. అతడికి నలభై ఏళ్లొచ్చినా బీడీ లేదు, సారాయి లేదు, పేకాట లేదు. శ్రీహరికోట రాకెట్టు ఎగిరిందని పేపర్లో పడ్డప్పటినుంచీ ఆదివారమైతే తలుపు మూసుకుని కూర్చుంటాడు. కిటికీలోంచి చూస్తే అట్ట గొట్టాలు, జిగురు, బ్లేడు.

"ఏందప్పా అవి, నాటుబాంబులా?" అని నిలదీసింది.

"బొమ్మ రాకెట్టు అక్కా. పైకి పోయి, గొడుగు ఇప్పుకోని దిగతాది."

"ఎవురి నెత్తిన?"

ఏకాంబరం నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. వచ్చే ఆదివారం అతడు రాకెట్టు వదులుతానన్న బయలు నేతగాళ్ల వీధి చివరే ఉంది. ఆ ఆదివారమే ఆమె మగ్గానికెక్కించే నూలు పడుగును వీధి పొడుగునా సాచి, గంజి పట్టించి, ఎండబెట్టింది. ఇంటిల్లిపాదీ వారం పడ్డ కష్టం. ఒక్క నిప్పురవ్వ పడితే నెల దాకా మగ్గం ఆడదు.

నీళ్ల బకెట్టు పట్టుకుని బయలుకు పోయింది. అక్కడ ఏకాంబరం ఎండుగడ్డి చెక్కేశాడు. చుట్టూ నీళ్లు చల్లాడు. ముప్పై అడుగుల దూరానికి వైరు లాగి, జనం దాటకుండా తాడు కట్టాడు. ఇంత జాగ్రత్త పడుతున్నాడంటే ఏదో ఉందనుకుంది జ్ఞానాంబ.

"మందు నువ్వే కూరినావా?"

"ఆ పని సేస్తే సెయ్యి పోతాది అక్కా. మద్రాసులో సైన్సు నేర్పే సంఘమొకటి ఉండాది. వాళ్లిచ్చిందే తెచ్చినా."

"ఎవురిచ్చిందైనా సరే, నా పడుగు ఎత్తేదాకా నువ్వు ముట్టించేదానికి లేదు."

అతడు బ్యాటరీ పెట్టెలోంచి చిన్న తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది లేకుంటే కరెంటు పోదు. నీ దగ్గరే పెట్టుకో."

కొంగున ముడేసుకుంటూ, "ఇంకోటి యాడ దాచినావు?" అంది.

"ఒకటే అక్కా."

పడుగు ఆరి, చుట్టి ఇంట్లో పెట్టించేసరికి పది దాటింది. అంతసేపూ ఆమె ఒక కన్ను బయలు మీదే వేసి ఉంచింది. తిరిగి వెళ్లేసరికి సగం వీధి అక్కడే ఉంది. గాలి ఎటుందోనని ఒక నూలుపోగు ఎత్తి చూసింది. గాలి బయలు పక్కనున్న మునెయ్య తాటాకు కొట్టం వైపు తిరిగింది. తన పడుగు భద్రం. గాలి సంగతి చెప్పకుండా తాళంచెవి చాచి, ఏకాంబరం ఏం చేస్తాడోనని అతడి ముఖమే చూస్తూ నిలబడింది.

ఏకాంబరం నూలుపోగును చూశాడు, కొట్టాన్ని చూశాడు. "ఈపొద్దు వద్దులే అక్కా," అని వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

"రెండు గంటలు ఎండలో నిలబెట్టి ఇదా నువ్వు సేసేది?" అన్నాడు మునెయ్య. జనం పిరికోడన్నారు, ఈల వేశారు. ఏకాంబరం వైరు చుడుతూనే ఉన్నాడు.

"కాలేది నీ కొట్టమే మునెయ్యా, నోరు మూసుకో," అంది జ్ఞానాంబ. తాళంచెవి మళ్లీ కొంగున ముడేసి ఏకాంబరం వైపు తిరిగింది. "నమ్మేసినాననుకోబాక. వచ్చే ఆదివారం గాలి నేనే సూస్తా."

"సరే అక్కా. పొద్దున ఆరుకు రా."

"అయిదున్నరకే వస్తా. నాకంటే ముందొచ్చి నువ్వేం సేస్తావో సూడాల గదా."