పైడయ్య బావ వేసిన కొంగ

మా ఆవిడ అన్న పైడయ్య ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు రంగులేస్తాడు. ఆయనకు ముందు ఇక్కడి బోట్ల మీద పిట్టలు లేవని కాదు. ఉన్నాయి, అన్నీ క్యాలెండర్లలోంచి దిగిన నెమళ్ళూ హంసలూ. ఈ హార్బర్ హంసను ఎప్పుడు చూసిందో నాకైతే తెలీదు. కళ్ళతో చూసిన పిట్టనే వేస్తానని మొట్టమొదట మొండికేసినవాడు మా బావే. ఆ మొండితనంతో మమ్మల్నందర్నీ చంపుకు తిన్నాడు.

నా పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళ పందిరి మీద లకుముకి పిట్ట వాలింది. పెళ్ళికూతురి అన్నగారు చెయ్యెత్తి మేళం ఆపించాడు. పంతులుగారు మంత్రం మింగేశారు. అది ఎగిరిపోయేదాకా నేనూ మా ఆవిడా దోసిళ్ళలో బియ్యంతో బొమ్మల్లా నిలబడ్డాం. పెళ్ళి వీడియోలో అందరికంటే బాగా పడింది ఆ పిట్టే.

కిందటేడు, హార్బర్‌లో అందరూ అప్పా అని, అంటే అక్కా అని, పిలిచే చిట్టెమ్మ కొత్త బోటు కట్టించింది. ఆమె కొడుకులిద్దరూ దాని మీదే వేటకు వెళ్ళాలి. "సేపని ఒదలని పిట్టనెయ్యి, తమ్ముడా" అంది. బావ కొంగను ఎంచుకున్నాడు. రోజూ తెల్లారకుండానే వెళ్ళి కాలువ బురదలో దానికి ఎదురుగా నిలబడేవాడు. అది ఒంటికాలి మీద ఉంటే తనూ ఒంటికాలి మీదే. అలాగే ఓసారి కునుకు పట్టి బురదలో బోర్లా పడ్డాడు. కొంగ పడలేదు.

బొమ్మ మాత్రం అద్భుతంగా వచ్చింది. ఇంకా పని తెమల్చలేదని తిట్టడానికి వెళ్ళిన నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. బోటును నీళ్ళలోకి దించే ముందురోజు చిట్టెమ్మ వచ్చింది.

"ఏటి తమ్ముడా, రెండో కాలేదీ?"

"మడిసి పొట్టకాడ దాసుకుంది అప్పా."

"నా కొడుకులు సముద్రం మీదకెల్లే బోటుకి కుంటి కొంగేటి? అపశకునం! రెండో కాలెయ్యి. లేదంటే గోపాలపట్నం నుంచి స్టిక్కరోడ్ని పిలిసి దాని మీద నెమలినంటించీమంతాను."

ఒక బోటుకు స్టిక్కరు పడితే మిగతా బోట్లన్నీ అదే దారి పడతాయి. ఇక బావ బ్రష్షుకు పనుండదు. నేను బతిమాలాను.

"ఓ గీత గీసీ బావా. ఎవుడు సూత్తాడు?"

"కొంగ సూత్తాది. నాను సూడని కాలు నానెలాగెయ్యను?"

ఇలాంటివాడి చెల్లెల్ని చేసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు చీకటుండగానే బోటును నీళ్ళలోకి దించేశారు. వెలుతురొచ్చాక చూస్తే కొంగ పొట్టదాకా నీలం అలల బొమ్మ వచ్చేసింది. కాళ్ళే కనబడటం లేదు. చిట్టెమ్మ మొహం విప్పారింది. "అదీ! రెండు కాళ్ళూ నీట్లో ఉన్నాయి" అని తనే తీర్మానించేసి కొబ్బరికాయ కొట్టింది. బావ అటు తిరిగి బ్రష్షులు కడుక్కున్నాడు.

ఆ బోటుకు వేట బాగా కుదిరింది. దాంతో ఓనర్లందరూ నీళ్ళలో ఉన్న పిట్టే కావాలని పట్టుబట్టారు. గద్ద మెడలోతు మునిగింది. గుడ్లగూబ ఈత కొట్టింది. చూడని పిట్టను వెయ్యనన్న మనిషి పేరు హార్బర్‌లో ఇలా నిలిచింది. రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చేవాడు. "సిలక్కి ఈతేటి బావా!"

ఈ వేసవిలో వేట నిషేధం రాగానే బోట్లను గట్టుకు లాగారు. చిట్టెమ్మ కొడుకులు బోటు అడుగున పట్టిన నాచు గీకుతుంటే, అలల బొమ్మకు కింద, ఎప్పుడూ సముద్రంలో మునిగి ఉండేచోట, పసుప్పచ్చ కాలొకటి బయటపడింది. సన్నగా, పొడుగ్గా అడుగుదాకా దిగింది. రెండోదాని కోసం చిట్టెమ్మ తనే చెక్క పుచ్చుకుని గీకింది. బోటుకు అవతలి వైపు వేసిన కొంగ దగ్గరికెళ్ళి అక్కడా గీకింది. అక్కడా ఒకటే.

పారిపోదామని నేను బావ చెయ్యి పట్టుకు లాగాను. ఆయన కదిలితేనా!

"ఏడాదంతా నా పిల్లల్ని ఈ ఒంటికాలి మీదే తిప్పినావా?"

"అవునప్పా."

చిట్టెమ్మ కొడుకులిద్దరి వైపూ చూసింది. ఎండకు నల్లబడి, ఒంటినిండా నాచుతో ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు. చేతిలో చెక్క కింద పడేసింది.

"తీసుకెల్లినోల్లని తీసుకెల్లినట్టే తెచ్చింది" అంది. "ఆ నీళ్ళు సెరిపీ తమ్ముడా. కాలు కనబడనీ."