మా మావగారి జలపాతం

మా మావగారు టూరిస్టు బస్సు డ్రైవరు. ఉద్యోగం మానేసి ఏడాది దాటినా ఈ మాట ఇలాగే చెప్పాలి. 'డ్రైవరుగా చేసేవారు' అంటే ఆయన ఊరుకోరు. భోజనానికి కూర్చున్నా సరే, కుర్చీని ముందుకీ వెనక్కీ జరిపి, కాళ్ళు చాపి సరిచూసుకుంటే గానీ కంచం ముట్టరు. వీధిలో ఏ బండి గేరు మారినా మాట మధ్యలో ఆపేసి, "క్లచ్ పోయింది, పాపం" అంటారు. ఆ జాలి బండి మీదో, దాని యజమాని మీదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇక నా సంగతి. నాకు ఎండంటే పడదు. వేసవి వచ్చిందంటే నా ముఖం చూడలేమని మా ఆవిడే అంటుంది. అలాంటివాణ్ణి పట్టుకుని, నడివేసవిలో బస్సెక్కి జలపాతం చూసొద్దామంది. "మా అమ్మ కోసం" అని కూడా అంది. ఆ మాట విన్నాక నోరెత్తి బతికి బట్టకట్టిన అల్లుడు ఎవడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.

అత్తగారిది చాలా పాత కోరిక. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళు ఉన్నది మేడ మీద రెండు గదుల్లో. పైన రేకుల కప్పు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆవిడ ఆ కప్పు కింద కూర్చుని కుట్టుమిషను తొక్కేది. చెమట చుక్కలు జనం గుడ్డల మీద పడకుండా నుదుటికి తువ్వాలు బిగించుకునేదట. ఆ రోజుల్లోనే మావగారు బస్సు నిండా మనుషుల్ని ఎక్కించుకుని, చల్లటి చోట్లన్నీ తిప్పి తీసుకొచ్చేవారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు వెళ్ళింది ఆ జలపాతానికే. ఆయన ఇంటికొచ్చాక, కరెంటు పోయి అందరూ ఉడికిపోతుంటే, అత్తగారు విసనకర్ర విసురుతూ అడిగేది: "ఏవండీ, ఆ నీళ్ళ సంగతి చెప్పండి."

ఆయన చెప్పేవారు. కొండ మీంచి నీళ్ళెలా దూకుతాయో, తుంపర ముఖానికెలా తగులుతుందో, మడుగులో కాలు పెడితే ఒళ్ళెలా జివ్వుమంటుందో, అన్నీ చెప్పేవారు. మా ఆవిడ చిన్నప్పుడు అవి వింటూనే నిద్రపోయేదట. "మా నాన్న చెప్తుంటే ఫ్యాను అక్కర్లేదు" అని ఇప్పటికీ అంటుంది. నేను చెప్తుంటే మాత్రం ఫ్యానూ కావాలి, చెవులకి అడ్డంగా దిండూ కావాలి.

తెల్లవారకముందే బయల్దేరాం. సీట్లు మావగారే ఎంచారు. "పొద్దుటెండ కుడివైపు కొడుతుంది, అందరూ ఎడమవైపు కూర్చోండి. మరీ ముందుకొద్దు, ఇంజను వేడి" అన్నారు. తువ్వాలు తడిపి కిటికీకి కట్టారు. నీళ్ళ సీసాలకి తడిగుడ్డలు చుట్టారు. తువ్వాల్లోంచి వచ్చే గాలి చల్లగా తగులుతుంటే నాకు కునుకు కూడా పట్టింది. ఎండని తిట్టడానికి ముందుగానే సిద్ధపడి వచ్చినవాణ్ణి, ఎంతసేపటికీ ఆ అవకాశమే రాలేదు.

మమ్మల్ని సుఖపెట్టారు గానీ ఆయన మాత్రం సుఖపడలేదు. బస్సులో ప్రయాణికుడిగా కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో నేలని గట్టిగా తొక్కారు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి టైర్లు తన్ని చూశారు. ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టారు. బస్సు నడుపుతున్న లావుపాటి డ్రైవరు చూసి చూసి, "పెద్దాయనా, పోనీ మీరొచ్చి నడుపుతారా?" అన్నాడు. అతనన్నది వెటకారంగా. మావగారు నిజంగానే లేచారు. అత్తగారు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆవిడ ఆనందం మాత్రం చూసి తీరాల్సిందే. ముందు సీటు వాళ్ళకీ, వెనక సీటు వాళ్ళకీ జలపాతం గురించి చెబుతూనే ఉంది. "అవతలి ఒడ్డున రాయి మీద ఒక తెల్లకొంగ ఉంటుందండీ, ఎంత సందడున్నా కదలదు. మా ఆయన ఎన్నిసార్లు చూశారో!" అంటోంది. మావగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. తువ్వాలు అడ్డం ఉందన్న సంగతి కూడా ఆయన గమనించలేదు.

టీ కోసం ఆగినప్పుడు నన్ను బస్సు వెనక్కి లాక్కెళ్ళారు.

"అల్లుడూ, కొంప మునిగింది."

"టైరా, మావగారూ?"

"టైరైతే మార్చేవాణ్ణి. ఆ జలపాతం నేనెప్పుడూ చూళ్ళేదు."

నాకు టీ పొలమారింది.

"అదేంటి, వందసార్లు వెళ్ళారుగా?"

"బస్సాగే చోటు దాకా వెళ్ళాను. అక్కణ్ణుంచి మెట్లు దిగాలి. జనం అటు దిగగానే నేను నిద్రపోవాలి. రాత్రంతా నడిపొచ్చి, మళ్ళీ సాయంత్రం నడపాలి కదా. అక్కడ ఇంజను ఆపితే చాలు, కళ్ళు మూతలు పడిపోయేవి. తిరుగు ప్రయాణంలో జనం నా వెనక కూర్చుని చెప్పుకునేవి విని, అవే మీ అత్తయ్యకి చెప్పేవాణ్ణి. కాస్త సొంతం కూడా కలిపాననుకో."

"సొంతం అంటే?"

"ఆ కొంగ."

"అంటే అక్కడ కొంగ లేదా?"

"నాకేం తెలుసయ్యా?"

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. "ఇది తెలిసిందంటే ఇన్నేళ్ళూ నేను చెప్పిన ఒక్క ముక్క కూడా నమ్మదు. నేను లేనప్పుడు ఆ ఇంట్లో తనకున్నవి నా మాటలే" అన్నారు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. నేను ముందు నడిచి దారి చూపిస్తాను, మీరు వెనకే తెలిసినట్టు రండి అన్నాను. ఇద్దరం అలా ఒప్పందం చేసుకున్నాం.

ఒప్పందం బాగానే ఉంది. అందులో ఒక్కటే లెక్కలోకి తీసుకోలేదు. బస్సు వెళ్ళి ఎప్పటి చోట, ఎప్పటి చెట్టు నీడన ఆగింది. డ్రైవరు ఇంజను ఆపాడు. జనం బిలబిలమంటూ దిగుతున్నారు. నేను సంచీ అందుకుని ఇటు తిరిగేసరికి మావగారు నోరు తెరిచి గురకపెడుతున్నారు! ఇన్నేళ్ళ అలవాటు, ఒళ్ళు దాని దారి అది చూసుకుంది. గిల్లాను. భుజం పట్టి ఊపాను. ఉలుకూ పలుకూ లేదు.

ఇంతలో కిటికీ దగ్గరికి సోడా బండావిడ వచ్చింది. ఆయన్ని చూసి ముఖం ఇంత చేసుకుంది.

"డ్రైవరుగారే! ఎన్నాళ్ళయిందో చూసి. అయ్యో, లేపకండి బాబూ, ఆయనెప్పుడూ ఇక్కడే పడుకుంటారు. కిందికెళ్ళి చూసి రండని నేనెన్నిసార్లు పోరానో. ఒక్కసారి దిగితే ఒట్టు!"

అత్తగారు అప్పటికే మెట్ల దాకా వెళ్ళి, మేం రాలేదని వెనక్కి వచ్చి, బస్సెక్కి నిలబడి ఉంది. అంతా వింది. నా వంక చూసింది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆవిడ తడిగుడ్డ చుట్టిన సీసా తీసుకుని, మూత తిప్పి, నింపాదిగా ఆయన నెత్తిన వంపింది.

"అందరూ ఎక్కారా?" అంటూ లేచారు మావగారు.

"అందరూ దిగారు. మీరే దిగాలి. ఇన్నేళ్ళ నుంచీ దిగలేదటగా!"

ఆయన కిటికీలోంచి సోడా ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు, అంతా అర్థమైపోయింది. గడ్డం మీంచి కారే నీళ్ళు తుడుచుకున్నారు.

"మొదటిసారి నువ్వడిగినప్పుడు పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలు. ఏడుస్తోంది. నువ్వు ఒక చేత్తో దాన్ని ఎత్తుకుని, ఒక చేత్తో విసురుతున్నావు. అక్కడెలా ఉందండీ అన్నావు. నువ్విక్కడ ఉడికిపోతుంటే, నేను చెట్టు నీడన పడి నిద్రపోయొచ్చానని ఏ నోటితో చెప్పను?" అన్నారు.

అత్తగారు సీసాకి మూత బిగించింది. బస్సు దిగి మెట్ల వైపు నడిచింది. తిడితే ఫరవాలేదు గానీ అమ్మ మాట్లాడకపోతేనే ప్రమాదమని మా ఆవిడ నా చెవిలో చెప్పింది. అందరం బిక్కుబిక్కుమంటూ వెనకే దిగాం. నా కాళ్ళు చురుక్కుమంటున్నా ఎండని తిట్టాలన్న ధ్యాసే లేదు. మావగారు గోడ పట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా ఒక్కో మెట్టూ దిగుతున్నారు. కిందికి పోయేకొద్దీ చెట్లు దగ్గరయ్యాయి, నీడ చిక్కబడింది, నీళ్ళ చప్పుడు మొదలైంది. ఒక్క మలుపు తిరిగితే జలపాతం. సరిగ్గా అక్కడ అత్తగారు ఆగి, వెనక్కి తిరిగింది.

"అయితే మీకూ ఇదే మొదటిసారా?"

"మొదటిసారే."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

ఆవిడ ముఖం చూస్తుండగానే మారిపోయింది. ముందు పెదాలు బిగించింది, ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది.

"మీరొక్కరే చూసొస్తున్నారని ఇన్నేళ్ళూ లోపల్లోపల ఎంత కుళ్ళుకున్నానో! ఆ కుళ్ళంతా దండగేనన్నమాట! నిద్రపోయానని చెప్తే ఏం పోయిందండీ? అక్కడైనా కాస్త కునుకు దొరికింది కదా అని సంతోషించేదాన్ని."

మావగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఈసారి తుడుచుకున్నవి సీసా నీళ్ళు కావు. అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరిద్దరూ కాసేపాగి రండి" అని మాతో చెప్పి మలుపు తిరిగింది. నాకు వాళ్ళని చూస్తుంటే ఎంత సంతోషం వేసిందంటే, ఆ మెట్ల మీదే మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెమటగా ఉంది వదలమంది. వదల్లేదు.

కాసేపాగి మేమూ వెళ్ళాం. నడివేసవి కదా, ధార సన్నబడి ఉంది. ఆయన వర్ణించిన హోరూ లేదు, తుంపరా అంతంతమాత్రమే. కానీ నీళ్ళు చల్లగా ఉన్నాయి, నిజంగా ఒళ్ళు జివ్వుమంది. వాళ్ళిద్దరూ కట్టుబట్టలతోనే ధార కింద నిలబడి ఉన్నారు. జుట్టు ముఖాలకి అంటుకుపోయింది. మావగారు చెయ్యెత్తి కొండ పైకి చూపిస్తూ, "చూశావా, అదిగో ఆ పైనుంచి నీళ్ళు..." అని మొదలెట్టారు.

అత్తగారు తడిచేత్తో ఆయన నోరు మూసేసింది.

"ఇంక నాకు చెప్పక్కర్లేదు. మీరు కూడా చూడండి."

ఆయన తలెత్తి చూశారు. చూస్తూనే ఉండిపోయారు.